ప్రార్థనకు లేచే పొక్లెయిన్

లాలాగూడ చర్చి వెనక కొత్త హాలుకి పునాదులు తవ్వడానికి వచ్చిన పొక్లెయిన్ మొదటిరోజే నోరు మూసుకుంది. బకెట్ నిండా మట్టితో, చెయ్యి గాల్లో ఎత్తుకుని, జవాబు చెప్తానని లేచి మరిచిపోయిన పిల్లాడిలా నిలబడిపోయింది.

సిగ్గుపడాల్సింది మాత్రం జ్ఞానశేఖర్. కార్ఖానా బస్తీలో అతనికో షెడ్డుంది. పాత పొక్లెయిన్ల ఇంజను జబ్బులు, కరెంటు జబ్బులు పట్టుకోవడంలో తనంతటివాడు సికింద్రాబాదులో లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఊరంతా తనే పంచిపెట్టేవాడు. ఈ సెకండ్‌హ్యాండ్ బండిని అల్వాల్ కాంట్రాక్టర్ భద్రయ్యతో కొనిపించిందీ, భద్రయ్యని చర్చి కమిటీకి చూపించిందీ అతనే. పైగా భార్య ఆలిస్ అక్కడి స్త్రీల సమాజానికి సెక్రటరీ. అత్త రోసమ్మకి అదే చర్చిలో ముందు వరుసలో చోటు. అల్లుడి నోరు చర్చిలో పాటలకి తెరుచుకోదు, షెడ్డులో బూతులకి మూసుకోదు అని ఆమెకి ఎప్పట్నించో బాధ.

"ఏందన్నా గిట్లయింది? గుండె గట్టి బండి అంటివి గదా," అన్నాడు భద్రయ్య.

"గుండె గట్టిదే. నరాలు వీక్. జెర ఆగు," అని జ్ఞానశేఖర్ సీటు వెనక దూరాడు.

ఎలకలు కొరికిన వైరొకటి నిజంగానే దొరికింది. అదే అతని కొంప ముంచింది. దొరికింది కాబట్టి జబ్బు అదేననుకున్నాడు. వైరు మార్చి, టేపు చుట్టి, తాళం తిప్పితే బండి గుర్రుమంది. "ఇగ దీన్ని నా మనుమడు సుత విప్పే పని లేదు," అని చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు పాస్టరు యేసురాజు గారు కమిటీని వెంటబెట్టుకుని పని చూడ్డానికి వచ్చారు. వాళ్ల ముందే బండి ఆగింది. ఈసారి డీజిల్‌ని ఆపే కరెంటు స్విచ్ మీద జ్ఞానశేఖర్‌కి అనుమానం వచ్చింది. కొత్త స్విచ్ కోసం మనిషిని పంపాడు.

"ఈలోగా ఒక్క చిన్న ప్రార్థన చేసుకుందామండి," అన్నారు యేసురాజు గారు.

ఆయనది నర్సాపురం వైపు. చాలా మంచి మనిషి. ప్రార్థన మొదలుపెడితే మాత్రం ఆదాము దగ్గర బయల్దేరి, పాసింజరు బండిలా ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ వస్తారు. నోవహు ఓడెక్కాడు, దిగాడు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటారు. కమిటీ పెద్దలు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నారు. చివరికి ఆమెన్ వినబడగానే డ్రైవరు సదాశివ తాళం తిప్పాడు. బండి లేచింది.

"స్తోత్రం," అన్నారందరూ. జ్ఞానశేఖర్ పానా పట్టుకుని, ఎవరి పెళ్లికో వచ్చినవాడిలా నిలబడ్డాడు.

పాస్టరు గారు వెళ్లిన కాసేపటికే అది మళ్లీ ఆగింది. ఈసారి సదాశివ బకెట్ మీద కొబ్బరికాయ కొట్టి, అగరుబత్తి గుచ్చి, అది పూర్తిగా కాలేదాకా చేతులు జోడించుకుని నిలబడ్డాడు. బండి మళ్లీ లేచింది. చర్చి స్థలంలో కొబ్బరికాయేమిటని కమిటీలో ఒక పెద్దాయన మొహం ముడుచుకున్నాడు.

"ఏ దేవుడు లేపినా మాకు పట్టింపు లేదు సార్," అన్నాడు భద్రయ్య. "పని నడిస్తే చాలు."

జ్ఞానశేఖర్ స్విచ్ మార్చాడు. ఫిల్టర్ మార్చాడు. బ్యాటరీని, దాన్ని చేసినవాణ్ని, వాడి తాతని తిట్టాడు. బండి లేవడం, ఆగడం మాత్రం మారలేదు. కాలనీలో పేరు యేసురాజు గారికొచ్చింది. ఎవరో ఆవిడ పాడైపోయిన మిక్సీ కూడా పట్టుకొచ్చింది.

"మెకానిక్ పెండ్లాన్నని చెప్పుకోవాల్నా, వద్దా?" అని ఆలిస్ భర్తని అడిగింది.

ఒక మధ్యాహ్నం పాస్టరు గారు సమాధి కార్యక్రమానికి వెళ్లినప్పుడు బండి ఆగింది. కొబ్బరికాయ కొట్టొద్దని సదాశివకి అప్పటికే కమిటీ చెప్పేసింది. దాంతో అక్కడున్న స్త్రీల సమాజం ఆడవాళ్లంతా రోసమ్మని ముందుకు తోశారు. జ్ఞానశేఖర్ పానా పట్టుకుని చూస్తుండగా ఆమె బండి మీద చెయ్యి పెట్టింది.

"తండ్రీ, ఇది పని చేస్తలేదు. చేయించు. ఆమెన్."

సదాశివ తాళం తిప్పాడు. చప్పుడు తప్ప ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. అంతే.

"విశ్వాసం ఉండాలె గదమ్మా," అంది వెనకనించి ఎవరో, మెల్లగా, కానీ వినపడేంత మెల్లగా. రోసమ్మ మొహం చిన్నబోయింది. కొంగు తల మీదికి లాక్కుని ఇంటికి వెళ్లిపోయింది.

జ్ఞానశేఖర్ భోజనానికి వచ్చేసరికి ఆమె కంచం ముందు ఊరికే కూర్చుని ఉంది. ఆమె తిడితే అతనికి అలవాటే. తిట్టకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

"తిను అత్తమ్మా."

"దేవుడు నా మాట ఎందుకినలే బాబూ? ఆ డ్రైవరు కొబ్బరికాయ సుత పనిచేసింది."

అంత ముసలి మనిషి అలా అడిగేసరికి అతను కంచాన్ని ఆమె దగ్గరికి జరిపాడు. "వినే ఉంటడు," అన్నాడు. "కాని నీది మరీ చిన్నగయింది. పాస్టరు గారిదైతే బండి ఒక నిద్ర తీసి లేస్తది."

ఆ మాట అన్నాక ముద్ద అతని నోటిదాకా పోలేదు. పాస్టరు గారి ప్రార్థన పొడుగు. అగరుబత్తి కాలడం పొడుగు. రోసమ్మది రెండు ముక్కలు. అంటే బండి అడుగుతున్నది దేవుణ్ని కాదు, కాసేపు టైము. కరెంటు వైపు ఉన్నవన్నీ మార్చేశాడు. ఇక మిగిలింది డీజిల్. ట్యాంకులో ఏదో తేలుతోంది. ఇంజను పీల్చినప్పుడు వచ్చి పైపు మూతికి అతుక్కుంటోంది. ఇంజను ఆగి, పీల్పు తగ్గాక జారిపోతోంది.

"అత్తమ్మా," అన్నాడు లేస్తూ, "నువ్వు చేసిన దాంతోనే నాకు దొరికింది."

"ఏం దొరికింది? అన్నం తిని పో."

తినకుండానే పోయాడు. పాస్టరు గారు తిరిగొచ్చి బండి పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ప్రార్థనకి బండి అప్పుడే లేచి, కాసేపు తవ్వి, మళ్లీ ఆగింది.

"సార్, ఈసారి ఎవ్వరేం చెయ్యొద్దు. అందరం చాయ్ తాగుదం."

"మనసులో చేసుకోవచ్చాండి?" అన్నారు యేసురాజు గారు.

"మనసుల సుత వద్దు సార్. నా లెక్క తప్పుతది."

అందరూ చాయ్ తాగారు. గ్లాసులు కింద పెట్టాక సదాశివ తాళం తిప్పాడు. బండి లేచింది. ఈసారి స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. యేసురాజు గారు నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

జ్ఞానశేఖర్ బండి ఆపించి, ట్యాంకు ఖాళీ చేయించి, కొన వంచిన తీగ లోపలికి దింపాడు. సదాశివ మెల్లగా వెనక్కి జరిగాడు. తీగకి బరువుగా ఏదో తగిలింది. లాగితే, స్త్రీల సమాజమంతా చూస్తుండగా, నాడాతో సహా ఒక పట్టాపట్టీల డ్రాయరు డీజిల్ కారుస్తూ బయటికొచ్చింది.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భద్రయ్య ఆ డ్రాయరుని చూశాడు, ట్యాంకుకున్న కొత్త మూతని చూశాడు, సదాశివని చూశాడు.

"పాత మూత పోయింది సేట్," అన్నాడు సదాశివ. "కొత్తది తెచ్చేదాక మూతి కాడ ఇది కుక్కిన. తర్వాత కనవడలే. గాలికి పోయిందనుకున్న."

"అయితే ఇన్ని దినాలు నీ చెడ్డీకి కొబ్బరికాయ కొట్టినవా?"

ముందు నవ్వింది యేసురాజు గారు. ఆయన నవ్వు కూడా పొడుగే. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, అప్పటికి వచ్చి నిలబడ్డ రోసమ్మ వైపు తిరిగారు. "నేను కూడా దానిమీదే చెయ్యి పెట్టి ప్రార్థించానమ్మా. మీరేమీ బాధపడకండి."

"నాకేం బాధ? చేయించమని అడిగిన, చేయించిండు," అంది రోసమ్మ. చెంబుతో నీళ్లు తెచ్చి అల్లుడి చేతుల మీద తనే పోసింది.

సదాశివ డ్రాయరు పిండి చర్చి గోడ మీద ఆరెయ్యబోయాడు. ఆలిస్ అతనికేసి ఒక్క చూపు చూసింది. అతను దాన్ని గుంట అడుగుకి విసిరేసి, బకెట్‌తో మట్టి కప్పాడు.

ఆదివారం అదే చోట పునాదిరాయి పడింది. ఈ స్థలం కింద, పైన ఉన్న సమస్తాన్నీ దీవించమని యేసురాజు గారు దేవుణ్ని వేడుకుంటుంటే జ్ఞానశేఖర్ భుజాలు కదిలాయి. రోసమ్మ అతన్ని మోచేత్తో పొడిచి, తన నవ్వు దాచుకోవడానికి తల ఇంకాస్త వంచుకుంది.