కవరు మీద అడ్రసు

తడిగుడ్డతో బోర్డు తుడిచి, అది ఆరేలోపు వెంకటపతి సుద్దముక్క మొనను అరుగు అంచుకేసి రుద్దాడు. మొండి సుద్దతో రాస్తే అక్షరం లావుగా పడుతుంది, లావు అక్షరం పిల్లలకి నోట్లో తిరగదని ఆయన నమ్మకం. అందులో నిజమెంతో ఎవరికీ తెలియదు, ఆయనతో వాదించినవాళ్ళూ లేరు. డెబ్బై దాటిన మనిషి. వంగిన వీపు, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఏళ్ళ తరబడి సుద్దపొడి తిని పొలుసులు లేచి ఉంటాయి.

రేపు టెన్త్ పబ్లిక్ పరీక్షల్లో ఇంగ్లీషు. బందరు ఈడేపల్లి సందులో ఆ వరండాకి ఏటా మార్చిలో ఈ రోజు వస్తుంది. పిల్లలు లెక్కలకి భయపడతారు, సైన్సుకి భయపడతారు. తీరా టెన్త్ తప్పినవాళ్ళని కదిపి చూస్తే చాలామంది "ఇంగ్లీషు పోయిందండీ" అనే అంటారు. అలా పోయేవాళ్ళని పోకుండా పట్టుకోవడమే వెంకటపతి బతుకుతెరువు. ఆయన బి.ఏ. పూర్తి చేయలేదు. ఏ బడిలోనూ ఉద్యోగం రాలేదు. మొవ్వ దగ్గర ఉన్న కాస్త పొలం అన్నదమ్ములకి వదిలేసి వచ్చి, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఈ వరండాలో ఒకటే పాఠం చెబుతూ ముసలివాడయ్యాడు. ముప్పై అయిదు మార్కులు ఎలా తెచ్చుకోవాలి, అదీ పాఠం.

ఆయన పద్ధతి ఆయనకుంది. ప్యాసేజీ ఇస్తే అర్థం చేసుకునే పని పెట్టుకోవద్దు. ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం మొత్తం దించెయ్యాలి. వ్యాసం దేనిమీద అడిగినా మొదటి నాలుగు వాక్యాలూ అవే ఉండాలి. మాటకీ మాటకీ మధ్య వేలు పట్టేంత సందు వదలాలి. హెడ్డింగు కింద పెన్సిలు గీత గీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, సొంత వాక్యం రాయొద్దు. "ఆలోచిస్తే చెయ్యి ఆగుద్ది. చెయ్యి ఆగిందా, పరీక్ష పోయినట్టే" అంటాడు. పిల్లలు ఆయన గొంతుతో ఈ మాట అనుకరించి నవ్వుకుంటారు. నవ్విన వాళ్ళూ పాసయ్యారు.

ఇక తండ్రికి ఉత్తరం. విహారయాత్రకి పంపమనో, పుస్తకాలు కొనిపెట్టమనో ఏటా ఏదో ఒకటి అడుగుతారు. పైన కుడివైపు ఊరూ తేదీ. "మై డియర్ ఫాదర్, ఐ యామ్ క్వయిట్ వెల్ హియర్ అండ్ హోప్ ద సేమ్ ఫ్రమ్ యూ." మధ్యలో అడిగిన సంగతి రెండు ముక్కలు. చివర ఓ బాక్సు గీసి, అందులో కవరు మీద రాసే అడ్రసు. అడ్రసు లేకపోతే ఉత్తరమూ చేరదు, మార్కూ చేరదు అంటాడు.

బోర్డు మీద ఆ బాక్సు గీస్తుండగా సందు మొదట్లో "చేపలో" అన్న కేక వినిపించింది. గీత కాస్త వంకరపోయింది.

మహాలక్ష్మి తట్ట దించి అరుగు మీద పెట్టింది. గిలకలదిండి నుంచి రోజూ వస్తుంది. ముప్పై దాటీ దాటని మనిషి. ఎండకి నల్లబడిన ముఖం, నడినెత్తిన తట్ట మోసి మోసి పలచబడ్డ జుట్టు, మణికట్టు దగ్గర ఎండిపోయిన పొలుసు ఒకటి తళుక్కుమంటోంది.

"చందువలు మేష్టారూ. మీకని అడుగున పెట్టుకొచ్చా. దారిలో ఎవరికీ చూపించలా."

వెంకటపతి బేరమాడకుండా తీసుకున్నాడు. ఎప్పుడూ ఆడడు. ఆయనకి చేపంటే ప్రాణమని మహాలక్ష్మి అనుకుంటుంది. నిజానికి ఆయన చేప ముట్టడు. చిన్నప్పుడు గొంతులో ముల్లు దిగింది, అప్పటి నుంచీ ఆ వాసనే పడదు. ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి, గోడ మీదుగా పక్కింటి పుష్పావతికి అందిస్తాడు. ఆవిడ పులుసు పెట్టుకుని ఈయన పిచ్చికి ఓ దణ్ణం పెడుతుంది. వాళ్ళ పిల్లి కూడా బాగా బలిసింది.

"రేపు మా జ్యోతి ఎట్టా రాసుద్దంటారు?" అంది మహాలక్ష్మి, తట్ట మీద గోనె సర్దుతూ. "తప్పితే రొయ్యల షెడ్డులో పెడతానంటున్నాడు వాళ్ళ నాన్న. వొలవడానికి ఆడపిల్లలు కావాలంట. చుట్టుపక్కల పిల్లలంతా అక్కడే ఉన్నారు."

"పాసవుతుందమ్మా" అన్నాడు ఆయన, బోర్డు వైపు తిరిగి.

సరిగ్గా ఆ వరండా మెట్టు మీదే, పదిహేడేళ్ళ కిందట, మహాలక్ష్మి తల్లి నిలబడింది. ఫలితాలొచ్చిన పేపర్లో కూతురి నంబరు లేదు. ఆ ఏడు ఆయన దగ్గర చదివినవాళ్ళలో తప్పింది మహాలక్ష్మి ఒక్కతే. 'నూటికి నూరు' అని గోడ మీద రాయించుకుందామని ఆయన రంగులు కూడా తెచ్చిపెట్టుకున్నాడు. ఆ పిల్ల అందరికన్నా ముందు అప్పజెప్పేది. ఎందుకు తప్పిందో అడగొచ్చు. అడగలేదు. "మళ్ళీ పరీక్షకి కట్టించమంటారా బాబూ, మీరెట్టా చెబితే అట్టా" అని తల్లి చేతులు నలుపుకుంటూ అడిగితే, ఉక్రోషంతో, "నీ కూతురికి చదువు అబ్బదమ్మా, మానిపించు" అన్నాడు. ఆమె సరేనని తల ఊపి వెళ్ళిపోయింది. మేష్టారు చెప్పాక ఇంకేముంది. ఆ శ్రావణంలోనే పెళ్ళి చేశారు. కొన్నాళ్ళకి మహాలక్ష్మి నెత్తిన తట్టతో ఇదే సందులోకి వచ్చి, ఆయన్ని చూసి నవ్వి, "బాగున్నారా మేష్టారూ" అంది. ఆ నవ్వుకి ఏం చెప్పాలో తెలియక ఆయన చేపలు కొన్నాడు. అప్పటి నుంచీ కొంటూనే ఉన్నాడు.

తొమ్మిదింటికల్లా వరండా నిండింది. పిల్లలు చాపల మీద కూర్చుని ఊగుతూ ఉత్తరం అప్పజెప్పుకున్నారు. తరవాత ఎవరికి వాళ్ళు కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. వెంకటపతి వరసల మధ్య నడుస్తూ, మాటల మధ్య సందు చాలనిచోట వేలు పెట్టి చూపించాడు. మహాలక్ష్మి కూతురు జ్యోతిర్మయి స్తంభం పక్కన కూర్చుంది. తల్లి ముఖమే, అదే గుండ్రటి చేతిరాత. ఉత్తరమంతా రాసింది. బాక్సు గీసింది. లోపల ఏమీ లేదు.

"అడ్రసేదీ?"

"ఎవరిది రాయాలా అని ఆలోచిస్తన్నా సార్."

"ఆలోచించొద్దని కదా చెప్పింది."

"అమ్మ ముందే చెప్పింది సార్, ఈ బాక్సు దగ్గర జాగర్త అని. అమ్మ ఇక్కడే ఆగిపోయిందంట." జ్యోతి చాలా మామూలుగా చెప్పింది, ఇంట్లో నలిగిన సంగతి కాబట్టి. "అప్పటికి మా తాతయ్య సముద్రం మీదికి వేటకెళ్ళి రాలేదు. శవం దొరకలేదుగా సార్, ఎక్కడో ఒడ్డుకి చేరుంటాడనే అనుకునేవాళ్ళంట. అమ్మ ఉత్తరం అంతా రాసేసిందంట. అడ్రసు కాడికొచ్చి, నాన్నకి ఎక్కడికని రాయాలా అనుకుందంట. ఇంటికి రాస్తే ఇంట్లో లేడు కదా. ఇంక చెయ్యి కదల్లేదంట. మిగతా ప్రశ్నలన్నీ వచ్చంట సార్. గంట కొట్టేదాకా ఆ బాక్సుకేసే చూస్తా కూచుందంట."

వెంకటపతి స్తంభం పట్టుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదంట సార్."

ఇన్నాళ్ళూ గుర్తురానిది ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పడవ రాని ఆ చలికాలం మహాలక్ష్మి చాలా రోజులు ట్యూషన్ మానేసింది. వచ్చిన రోజున ఆయన అడిగింది, వెనకబడ్డ పోర్షను ఎప్పుడు పూర్తి చేస్తావని. ఆ తరవాత ఎప్పుడో ఆ పిల్ల, "సార్, ఉత్తరం అమ్మకి రాయొచ్చా?" అంది. "ఫాదర్ అంటే ఫాదర్‌కే రాయాలి. ఎవరికి రాస్తున్నావో నీకెందుకు, చెయ్యి ఆగకూడదంతే" అన్నాడు. ఎంత మాట. తండ్రి సముద్రంలో ఉన్న పిల్లతో 'మీరూ క్షేమమని తలుస్తాను' అని వందసార్లు అప్పజెప్పించుకుని, ఉచ్చారణ బాగుందని మెచ్చుకున్నాడు కూడా. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు.

పిల్లలు వెళ్ళబోతుంటే ఆపాడు.

"రేపు ఉత్తరం ఎవరికి రాస్తున్నారో తలుచుకుని రాయండి. ఫాదర్ అని ఇచ్చినా రాయబుద్ధి కాకపోతే అమ్మకి రాయండి. మార్కు పోతే పోనీ. చెయ్యి ఆగితే ఆగనీండి, భయపడొద్దు. కాసేపటికి అదే కదులుద్ది. ఆ ప్రశ్న వదిలేసి పక్కదానికి వెళ్ళండి."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో, "సార్, ఇది కూడా బట్టీ పట్టాలా?" అని అడిగారు. వెంకటపతికి నవ్వు రాలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక సైకిలు తీశాడు. బందరులో ఇన్నేళ్ళున్నాడు గానీ గిలకలదిండి వెళ్ళింది లేదు. పడవ మునిగిన ఏడు పలకరించడానికైనా వెళ్ళలేదు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పేర్చుకుని, తప్పు పోకుండా మళ్ళీ మళ్ళీ అనుకుంటూ తొక్కాడు. ఉప్పుగాలి ఎదురుకొట్టింది. ఒడ్డున వరసగా పడవలు, ఆరబెట్టిన వలలు, కంప మీద ఎండుతున్న సావిడి చేపలు. ఆ వాసనకి ముక్కు మూసుకోబోయి, సిగ్గేసి చెయ్యి దించుకున్నాడు.

మహాలక్ష్మి వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది. ఆయన్ని చూసి గాభరాగా లేచింది. "మీరేంటి మేష్టారూ ఇంత దూరం? జ్యోతి ఏమన్నా చేసిందా?"

లోపల చదువుకుంటున్న జ్యోతి గొంతు ఆగింది. పీట వేశారు. వెంకటపతి కూర్చున్నాడు. దారిలో పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నీకు చదువు అబ్బదని మీ అమ్మతో అన్నాను. కోపంలో అన్నానమ్మా. అబద్ధం అది. ఆ ఏడు నా దగ్గర నీ అంత చదువు వచ్చినవాళ్ళు లేరు. తప్పింది నువ్వు కాదు, నేను."

మహాలక్ష్మి మళ్ళీ కూర్చుని చేప అందుకుంది. తోక నుంచి తల దాకా పొలుసు లాగింది. "పోన్లెండి. ఎప్పటి మాట." ఇంకో చేప తోమాక నెమ్మదిగా అంది. "మా అమ్మ పోయి ఏడాదవుద్ది. పోయేదాకా అనేది, మేష్టారు అట్టా చెప్పకపోతే నీ చేత మళ్ళీ పరీక్షకి కట్టించేదాన్నే, నీ రాత అంతేనని. ఈ ముక్క నిరుడొచ్చి అమ్మకి చెప్పినా బాగుండేదండీ."

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే ఆయనకి తేలికయ్యేది. ఇక దాచుకోవడం దేనికనిపించింది.

"నేను చేపలు తిననమ్మా."

"అదేంటండీ. ఇన్నేళ్ళూ?"

"నీ దగ్గర తీసుకుని పక్కింటావిడకి ఇస్తున్నాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "నేనేమో మీకిష్టమని ఏరి ఏరి పెట్టేదాన్ని. వానలో కూడా మీ ఒక్కరి కోసం వచ్చిన రోజులున్నాయి." చదువు మాటకి రాని నీళ్ళు ఈ మాటకి వచ్చాయి. మోచేత్తో తుడుచుకుంది. వెంకటపతికి అక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఒక తప్పు దిద్దుకోవడానికి పూనుకుని రోజుకొకటి చొప్పున చేసుకుంటూ వచ్చాడు.

ఆయన సైకిలు స్టాండు తీస్తుండగా ఆమె వాకిలి దాకా వచ్చింది.

"రేపు జ్యోతిని పరీక్ష కాడ దించి అటే వస్తాను. పులుసు పెట్టి తెస్తా, ముళ్ళన్నీ తీసి. తింటారా?"

"తింటానమ్మా" అన్నాడు. "తప్పకుండా తింటాను."

ఆ రాత్రి ఆయన బోర్డు తుడవలేదు. పొద్దున్నే స్నానం చేసి, కంచం కడిగి బోర్లించి, ఉతికిన చొక్కా తొడుక్కుని వరండాలో కుర్చీ వేసుకు కూర్చున్నారని పుష్పావతి తరవాత అందరికీ చెప్పింది. గోడ మీదుగా పలకరిస్తే, "ఇవాళ మీకు చేపలు లేవమ్మా, నేనే తింటున్నాను" అన్నారట. ఆవిడ నవ్వి పొయ్యి దగ్గరికి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి చూస్తే తల ఓ పక్కకి వాలి ఉంది. కునుకు తీశారనుకుంది.

మహాలక్ష్మి వచ్చేసరికి సందులో నలుగురు మూగి ఉన్నారు. ఎవరో డాక్టరుని పిలుచుకొచ్చి పంపేశారు కూడా. ఆమె మెట్టెక్కి క్యారేజీ అరుగు మీద పెట్టి, ఆయన పాదాల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. పుష్పావతితో, "గంట కొట్టేదాకా మా పిల్లకి తెలియనివ్వొద్దండీ. రాసుకోనీండి" అంది.

మధ్యాహ్నానికి మొవ్వ నుంచి బంధువులొచ్చారు. కుర్చీ లోపల పెట్టారు, చాపలు చుట్టారు. బోర్డు కింద, అరుగు చివర, మూత తీయని స్టీలు క్యారేజీ అలాగే ఉంది. మూత అంచున ఎర్రటి పులుసు చార ఒకటి జారి, సుద్దపొడిలో ఆగింది.