రొట్టెల బండి రక్తదాత

డాక్టర్ రామానుజం గారికి అబద్ధమాడటం చేతకాదని టూవూంబాలో తెలుగువాళ్లంతా అనుకుంటారు. మొన్నమొన్నటిదాకా అది నిజమే. రిటైరై, పిల్లల్లేని ఇంట్లో భార్య లీల కూడా పోయి, గోడలతో మాట్లాడుకునే రోజులు వచ్చాక ఆ విద్యా అబ్బింది.

గీతిక వల్ల అబ్బింది. మెల్‌బోర్న్‌లో ట్రుగనీనా నుంచి ఇక్కడికి డాక్టరు చదువుకు వచ్చిన పిల్ల. వైద్య విద్యార్థులకు వైద్య చరిత్ర మీద వ్యాసాల పోటీ ఒకటుందనీ, పాతకాలపు చిన్న ఊళ్ల ఆసుపత్రుల గురించి రాయాలనుందనీ తెలుగువాళ్ల ఉగాది భోజనాల దగ్గర ఆయనతో అంది. ఆయన అక్కడికక్కడే శనివారం టిఫినుకు రమ్మన్నారు.

చెప్పడానికి ఆయన దగ్గర సరుకు లేకపోలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన పనిచేసిన ఊళ్లో రక్తం నిలవ ఉండేది కాదు. ఎవరిది ఏ గ్రూపో ఆసుపత్రివాళ్లు రాసిపెట్టుకుని, అవసరం పడితే ఫోన్ చేసి మనుషులనే పిలిపించేవారు. పోస్టుమాస్టరు, బడి పంతులమ్మ, ఎవరైనా సరే, చేస్తున్న పని వదిలేసి వచ్చి చెయ్యి చాపి పడుకునేవారు. గీతిక అంతా ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

మూడు శనివారాలకే సరుకు అయిపోయింది. పెసరట్టు తింటూ ఆ పిల్ల ఇంకేమైనా గుర్తుందా అని అడిగితే, లేదనడానికి ఆయనకు నోరు రాలేదు. లేదంటే ఇక రాదు. రాకపోతే శనివారం కూడా మిగతా రోజుల్లాగే నిద్రమొహంతో పడి ఉంటుంది. అందుకని బెర్నీ పుట్టాడు.

బెర్నీ రొట్టెల బండి నడిపేవాడు. అతనిది అరుదైన గ్రూపు. ఆసుపత్రి నుంచి కబురొస్తే బండితో సహా వచ్చి వాలేవాడు. ఆ పూట సగం ఊరికి రొట్టె ఉండేది కాదు, అయినా ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. వారం వారం బెర్నీ పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు. తాను అల్లిన మనిషే అని తెలిసి కూడా, రామానుజం గారికి ఒక్కోసారి అతని మీద బెంగ కలిగేది.

కానీ ఉద్యోగం చేసినన్నాళ్లూ కేస్ షీటులో ఒక్క అంకె మార్చి ఎరగని మనిషాయె. ఆ పిల్ల తన పేరుతో పెద్ద పెద్ద డాక్టర్ల ముందు పెట్టబోయే వ్యాసంలో ఈ బెర్నీ ఏమిటని ఆయనకు అన్నం సయించడం మానేసింది. వ్యాసం పంపడానికి ఇంకా గడువుందని ఆయన ధీమా. ఈ శనివారం చెప్పేయాలనుకున్నారు. చెబితే ఆ పిల్ల మళ్లీ గుమ్మం తొక్కదని తెలిసే అనుకున్నారు.

ఆయన నోరు తెరిచేలోపే గీతిక నవ్వుకుంటూ వచ్చింది. "అంకుల్, ఎస్సే షార్ట్‌లిస్ట్ అయింది. నిన్న మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. జడ్జెస్‌కి బెర్నీ చాలా నచ్చాడట."

ఆయన అట్లకాడ పక్కన పెట్టి, ఎప్పుడు పంపావని అడిగారు. నెల దాటిందట. మరి ఈ నెలంతా వచ్చి రికార్డు చేసుకున్నదేమిటని అడిగితే ఆ పిల్ల తల వంచుకుంది.

"మీరు అన్నీ రెడీ చేసి వెయిట్ చేస్తారు కదా అంకుల్. అయిపోయింది అని ఎలా చెప్పాలో తెలీలేదు."

ఇక్కడ పెరిగిన పిల్లలు ఏదైనా మొహం మీదే అనేస్తారని ఆయన అనుకునేవారు. మన మొహమాటాన్ని మాత్రం ఆ పిల్ల అమ్మానాన్నలు సూట్‌కేసులో భద్రంగా తెచ్చి ఇచ్చినట్టున్నారు. ఇష్టపడి వస్తోందనుకున్న పిల్ల ఇన్నాళ్లూ జాలిపడి వచ్చింది. ఆయనకు సిగ్గేసింది. దుఃఖమూ వచ్చింది.

ఊరుకోవచ్చు. బెర్నీని వెతికే నాథుడే లేడు. ప్రైజు వస్తే ఆ మంచితనంతోనే ఈ పిల్ల ఏడాది పొడుగునా వస్తుంది. ఆయనకు ఆ ఆశ పుట్టిన మాట వాస్తవం.

"బెర్నీ అనేవాడు లేడమ్మా. నేను కల్పించాను. మిగతాదంతా నిజం."

వేళాకోళమనుకుని ముందు నవ్వింది. ఆయన మొహం చూశాక ఆపేసింది. ఎందుకు కల్పించారని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది. అక్కడే కూర్చుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఫోన్‌లోనే పోటీవాళ్లకు రాసింది. తప్పు ఆ పిల్లది కాదు, తనదని రాయమని ఆయన బతిమాలారు.

"చెక్ చేసుకోవాల్సింది నేనే కదా అంకుల్," అంది.

బయల్దేరుతుంటే ఆయన కూడా గుమ్మందాకా వెళ్లారు. "ఇక శనివారాలు రాకమ్మా. చదువు పాడుచేసుకోకు."

మనవాళ్లలో ఆ మాటకు జవాబు ఒక్కటే ఉంటుంది. అయ్యో అదేం మాట, తప్పకుండా వస్తాను అంటారు. ఆ జవాబు కోసమే ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"సరే అంకుల్," అంది గీతిక.

కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆయన తలుపు వేసుకున్నారు.