కూతల టీచరమ్మ

చట్నీకి వేయించిన శనక్కాయల పొట్టు చేటలో ఊదుతూ శ్రీవిద్య "బ... ల్ల" అంది. రిబ్బన్లు చేతిలో పట్టుకుని జడ కోసం కాచుకుని ఉన్న ఆరేళ్ల రమ్య "బల్ల!" అని అరిచింది.

"గి... న్నె."

"గిన్నె!"

"శ... న... క్కా... య."

"చట్నీ!" అంది రమ్య. తల్లీకూతుళ్లు ఇద్దరూ నవ్వారు.

స్నానాల గదిలోంచి భర్త వాసుదేవ్ గొంతు వినిపించింది. "పొద్దున్నే ఏం కూతలవి? నువ్వు బడికి పోతాండేది సదువు చెప్పేదానికా, కూతలు నేర్పేదానికా?"

కూతలనే మాట అతను ఊరికే అనలేదు. పత్తికొండ బజారులో వాళ్ల కిరాణా దుకాణానికి వచ్చిన ఒకాయన కందిపప్పు తూకం వేయించుకుంటూ, "ఏం శెట్టీ, మీ ఇంటామె పిల్లోల్లకు పాము మాదిరి బుస్సుమనేది నేర్పిస్తాందంటనే!" అని నవ్వాడట. పాపం, అది 'స' శబ్దం. ఆ అవమానానికి వాసుదేవ్ ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. తినలేదంటే, రెండుసార్లే పెట్టించుకున్నాడు.

అత్త రాజ్యలక్ష్మమ్మది ఇంకో వాదన. "మేమంతా మాటలు నేర్చుకోలేదా? మాకెవురన్నా మాటల్ని వంకాయల మాదిరి ముక్కలు కోసి పెట్టినారా?" అనేది. అప్పుడు శ్రీవిద్య చేతిలో నిజంగానే వంకాయలు ఉండేవి.

ఆమె బడిలో చేరి పది నెలలయింది. 2003 జూన్‌లో, ఊళ్లోని చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచరు పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, కరస్పాండెంటు ఆంజనేయ సారు వీళ్ల దుకాణంలో చక్కెర కొంటూ ఆ మాట ఎత్తాడు. "మా ఇంటామె ఖాళీగానే ఉండాది, పంపిస్తాలే" అన్నాడు వాసుదేవ్. ఖాళీ! పొద్దున ఐదింటికి లేచి నీళ్లు పట్టి, టిఫిను చేసి, మామ మందులు అందించి, దుకాణానికి క్యారియరు కట్టి, సాయంత్రం అరకిలో లెక్కన పప్పులు కవర్లలో పోసి కొవ్వొత్తి మంట మీద మూతులు అతికించే మనిషి ఖాళీ. ఆ మాట విన్నప్పుడు శ్రీవిద్యకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఖాళీగా ఉంటేనే ఇంత పనయితే, పని చేస్తే ఎంతవుతుందో చూడాలనిపించింది.

చేరిన రెండో నెలలోనే మండీలో హమాలీ గోపన్న కూతురు నాగలత ఆమెను హడలగొట్టింది. వాచకంలో మూడో పాఠం గడగడా చదివేసింది, ఒక్క తప్పు లేదు. దగ్గరికి పోయి చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. సరిగ్గా తిప్పి ఇచ్చి, "ఈ మాట ఏంది?" అని వేలు పెట్టి అడిగితే పిల్ల బిక్కమొహం వేసింది. క్లాసులో ముప్పై మందీ అంతే. పాఠాలన్నీ నోటికి వచ్చు, మాట ఒక్కటీ రాదు.

దసరా సెలవుల్లో కర్నూలులో ఆరు రోజుల శిక్షణ పెట్టారు. ఆరు రోజులకు సరిపడా పొడులు కొట్టి, పిండి రుబ్బి, ఎవరి బట్టలు ఏ అరలో ఉన్నాయో చీటీ రాసి గోడకు అతికించి వెళ్లింది. అక్కడ ఒక పెద్దావిడ, పలక పట్టకముందే పిల్లలకు మాటలోని శబ్దాలు చెవికి వినబడాలని, విడివిడిగా విన్నవాటిని కలిపి మాట చేయడం నోటికి రావాలని, అక్షరం ఆ తర్వాతేనని చెప్పింది. తిరిగొచ్చిన శ్రీవిద్య సంచిలో చెంచా, తాళం, దువ్వెన వేసుకుని బడికి పోయేది. "తా... ళం, ఏముంది సంచిలో?" అని అడిగేది. చప్పట్లు, కేకలు, బుసలు. పక్క క్లాసు టీచర్లు తలుపులు మూసుకునేవాళ్లు.

నాగలత మాత్రం వారం రోజులు నోరు విప్పలేదు. ఎనిమిదో రోజు శ్రీవిద్య "ట... మా... ట" అంది. పిల్ల పెదాలు కదిలాయి. ఒకసారి. రెండోసారి. చటుక్కున లేచి నిలబడి, "టమాట! మా నాయన మండీలో మోస్తాడే, అది!" అని అరిచింది. ఆ పిల్ల మొహంలో వెలిగిందేదో శ్రీవిద్యకు కూడా అంటుకుంది. తన చేత్తో చేసిన పని ఇంకొకరి కడుపులోకి పోయి అరిగిపోకుండా మిగిలిపోవడం పెళ్లయిన తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

సంక్రాంతి దాటేసరికి ముప్పై మందిలో ఇరవై మంది తెలియని మాటలు కూడా కూడబలుక్కుని చదివేస్తున్నారు. మార్చిలో ఆంజనేయ సారు పిలిచి, "శనివారం మధ్యాహ్నాలు మిగతా టీచర్లకు నువ్వే నేర్పియ్యల్ల తల్లీ" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే వాసుదేవ్ "మరి ప్యాకెట్లు ఎవురు కడతారు?" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నాడేమో అనుకుంది పిచ్చిది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. మామ పెద్దసుబ్బయ్య, వాసుదేవ్, మోకాళ్ల నొప్పులని స్టూలు మీద అత్త. శ్రీవిద్య వడ్డిస్తోంది. రమ్య టీవీ మీదున్న కాగితం ఒకటి తీసుకొచ్చింది. కనిపించినదల్లా చదవడం దానికి కొత్త జబ్బు.

"రా... జీ..." అని మొదలుపెట్టి, "అవ్వా, నీ పేరు!" అంది. రాజ్యలక్ష్మమ్మను ఆమె అన్న రాజీ అనే పిలుస్తాడు.

"నా పేరు కాయితంలో ఏంటికుండాది?" అంది అత్త మురిసిపోతూ.

వాసుదేవ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "పాపా, అది ఆడ పెట్టు."

"సదవనీరా!" కసిరాడు పెద్దసుబ్బయ్య. "ఆరేండ్ల పిల్ల సొంతంగా సదువుతాంటే ముచ్చటగా ఉండాది. సదువు తల్లీ."

వాసుదేవ్ రాత దుకాణం బోర్డు మాదిరి పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. అదే అతని కొంప ముంచింది.

"రా... జీ... నా... మా. రాజీనామా. మా... అ... త్త... గా... రు... మం... చా... న..." ఒత్తు దగ్గర ఆగి, పెదాలు కదిపి, "ప... డ్డం... దు... న. మంచాన పడ్డందున!"

"ఎవురు మంచాన పడింది?" అంది రాజ్యలక్ష్మమ్మ. నొప్పులంటూనే ఆ పొద్దున మిద్దె ఎక్కి పది కిలోల మిరపకాయలు ఎండబోసి వచ్చిన మనిషి ఆమె. "ఒరే వాసూ, నేను కాళ్లు చాపుకున్నట్ల రాసినావా?"

"ఊరికే ఒక కారణం రాసినాలేమ్మా..."

"ఇం... ట్లో... ప... ని... చే... సే... వా... రు... ఎ... వ... రూ... లే... నం... దు... న."

"మరి మనమంతా ఎవురురా?" అన్నాడు పెద్దసుబ్బయ్య. అడిగాక తనే ఆలోచనలో పడ్డాడు.

శ్రీవిద్య చారు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తొమ్మిదేళ్లలో ఈ ఇంట్లో తన పని గురించి ఎవరైనా నిజం ఒప్పుకోవడం ఇదే మొదలు. అదీ తనను మాన్పించడానికి!

రమ్య కాగితం చివరికి వచ్చింది. "ఇ... ట్లు... శ్రీ... వి... ద్య." తలెత్తింది. "అమ్మా, నీ పేరే! నువ్వే రాసినావా?"

అందరూ ఆమె వైపు చూశారు. వాసుదేవ్ కూడా చూశాడు, కానీ నింపాదిగా. అతనికి అలవాటే. 'మా శ్రీవిద్యకు పుట్టింటికి పోయేది అంత ఇష్టం లేదు' అని అతను చుట్టాలతో అన్నప్పుడు ఆమె పక్కనే ఉండి నవ్వింది. 'శ్రీవిద్యకు సినిమాలు పడవు', 'శ్రీవిద్యే వద్దంది, ఫ్రిజ్ ఎందుకని' అన్నప్పుడూ నవ్వింది. అతను చెప్పగా చెప్పగా, వినగా వినగా, పుట్టింటికి పోవడం నిజంగానే ఇష్టం లేదేమో అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు కూడా ఒక్క నవ్వు నవ్వితే చాలు. కానీ అడిగింది రమ్య. మాట ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు విని చెప్పమని ఆ పిల్లకు నేర్పింది తనే.

"లేదు పాపా," అంది. "నేను రాయలేదు."

"రాయకపోతే ఏమాయె, సంతకం పెడుతుందిలే," అన్నాడు వాసుదేవ్ కూతురితో, భార్య అక్కడ లేనట్టు.

"పెట్టను. రేపు బడికి పోతా. శనివారాలు కూడా పోతా."

చారు గిన్నె కింద పెట్టి, కంచం తెచ్చుకుని కూతురి పక్కన కూర్చుంది. "ఇంకేమన్నా ఉండాదా దాంట్లో?"

"లేదు మా, అయిపాయె."

"సరే, రా, తిందాం." అన్నం పెట్టుకుని, చారు పోసుకుంది.

వాసుదేవ్ ఎదురుచూశాడు. అతని కంచంలో చారన్నం అయిపోయింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఎడంచేయి నేలకు ఆనించి తనే లేచి వంటింట్లోకి పోయాడు. మూతలు తీసి పెట్టిన చప్పుళ్లు, ఏదో కిందపడిన చప్పుడు.

"పెరుగు యాడుండాది?" అని అరిచాడు.

రాజ్యలక్ష్మమ్మ కోడలి వైపు చూసింది. కోడలు ముద్ద కలుపుకుంటోంది.

"నాకేం తెలుస్తాదప్పా," అంది అత్త, "మంచాన పడినదాన్ని."