రోడ్డెక్కాక చేసిన ఫోను

అంజిలయ్యను నులక మంచం మీద మోసుకొచ్చి రోడ్డు పక్కన దించేసరికే అతని చేతులు చల్లబడ్డాయి. అయినా మోసినవాళ్లు రొప్పుతూనే అంబులెన్సుకు ఫోన్ కొట్టారు. బండి పదకొండు నిమిషాల్లో వచ్చింది. అందులోని మనిషి నాడి చూసి, తల అడ్డంగా ఊపి, ఏదో కాగితం మీద అతని భార్య సిద్దమ్మ వేలిముద్ర తీసుకున్నాడు. పొద్దున ఛాతీ పట్టుకుని కూలబడ్డ మొగుడు ఎండ ఎక్కకముందే శవమయ్యాడు. ఆమెకు ఏడుపు రాలేదు.

చెరువు వెనకవాడలో చేపలు పట్టుకుని బతికే ఇళ్లు ముప్పై ఉన్నాయి. చెరువు నిండితే మూడు వైపులా నీళ్లే. నాలుగో వైపు బండ్లబాట ఉండేది. వెంచర్ వాళ్లు దాన్ని ప్లాట్లలో కలిపేసుకుని ఎనిమిదడుగుల గోడ కట్టారు. ఆనాటి నుంచి రోడ్డెక్కాలంటే చెరువు గట్టు పట్టుకుని, మోకాటిలోతు బురద దాటి, చుట్టూ తిరిగి రావాలి. మంచం మోసుకుంటూ అయితే గంట పైనే పడుతుంది.

గోడ చేసింది సగం. మిగతా సగం వాళ్ల మంచితనం చేసింది. మొదట్లో ఇంటి నుంచే ఫోన్ చేసేవాళ్లు. రోడ్డు మీద గంటసేపు ఎదురుచూసిన డ్రైవర్ ఒకసారి విసుక్కున్నాడు, అవతల ఇంకెవరో చస్తుంటే తన బండిని ఇక్కడ కట్టేశారని. నిజమే కదా అని అందరూ నొచ్చుకున్నారు. అప్పటి నుంచి మంచం రోడ్డెక్కాకే ఫోన్ చేయాలని వాడంతా కూడి కట్టుబాటు పెట్టుకున్నారు. ఇలాంటివాళ్లను ముంచడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

శవాన్ని రోడ్డు మీదే ఉంచి అందరూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి అంబులెన్సుల వ్యవహారం చూసే అధికారి కారు దిగాడు. మర్యాదస్తుడే. ఫోన్ వచ్చింది ఏడూ నలభైకి, బండి చేరింది ఏడూ యాభై ఒకటికి అని చదివి వినిపించాడు. ఏడాదిగా ఈ వాడ పేరు మీద ఒక్క ఆలస్యమూ లేదట. బాట కావాలని ఎన్ని కాగితాలు పెట్టినా పైవాళ్లు చూసేది ఈ అంకెలనేనని నెమ్మదిగా చెప్పాడు.

సిద్దమ్మ మొగుడి మొహం మీద ఈగలు తోలుతూ విన్నది.

"సారూ, మా పెనిమిటి పడ్డది ఆరున్నరకు. గది మీ కాయితంల ఉన్నదా?" అని అడిగింది.

లేదన్నాడు ఆయన.

దినాలయ్యాక వలలు ఆరేసే చోట మీటింగు పెట్టుకున్నారు. బయట ఓ కంపెనీలో పనిచేసే శ్రీపాల్ మరో వినతిపత్రం రాద్దామన్నాడు. వెంచర్‌లో చెట్లకు నీళ్లు పోసే భూలక్ష్మి, గోడ జోలికి పోతే తమ కూలి ఊడుతుందని లేచింది. మాటా మాటా పెరిగింది. నెలలు నిండిన కరుణ నడుం పట్టుకుని ఓ పక్కన కూర్చుని ఉంది. ఆమెను చూసి సిద్దమ్మ నోరు విప్పింది.

"మోసుడు బంద్ చేద్దాం. ఇంటికాన్నుంచే ఫోన్ కొట్టాలె. బండి కరుణ గడపకు రావాలె."

"గోడున్నది గద, చిన్నమ్మా," అన్నాడు శ్రీపాల్.

"మొయ్యనీకె నలుగురున్నరు. గోడ పండవెట్టనీకె అరవై మంది లేరా?"

ఆ గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టమన్నట్టే చెప్పింది. భూలక్ష్మి తల దించుకుంది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం కరుణకు నొప్పులొచ్చాయి. శ్రీపాల్ ఆమె ఇంటి ముందే నిలబడి ఫోన్ చేశాడు. అప్పుడే గోడ మీద గడ్డపారలు పడ్డాయి. వెంచర్ లోపలి వైపు నుంచి మొదటి దెబ్బ వేసింది భూలక్ష్మి. వాచ్‌మన్ దూరం జరిగి ఎవరికో ఫోన్లు చేసుకున్నాడు. సిద్దమ్మ ఇటుకలు ఏరి పక్కన వేస్తూనే ఉంది, వేళ్లు చిట్లినా తెలియలేదు. అంబులెన్సు వెంచర్ లోంచి వచ్చి, కూలిన గోడ మీదుగా ఎగిరెగిరి పడుతూ కరుణ గడప ముందు ఆగింది. ఆమెను ఎక్కించుకుని అలాగే వెళ్లిపోయింది.

దవాఖానలో ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని కబురొచ్చేసరికి గోడ కూలిన ఆ సందులోంచే పోలీసు జీపు వచ్చింది. గోడ ఎవరు కూల్చమన్నారని ఎస్సై అడిగాడు. నేనే అంది సిద్దమ్మ. అంది, తనే వెళ్లి జీపులో కూర్చుంది.

జీపు వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి సందు నిండా మనుషులు కూర్చుని ఉన్నారు. హారన్ ఎంత కొట్టినా ఒక్కరూ కదల్లేదు. ఎస్సై దిగి లాఠీ చూపించాడు. ముందు వరసలో ఉన్న భూలక్ష్మి కూర్చున్నచోటి నుంచే చెరువు గట్టు వైపు చెయ్యి చాపింది.

"తీస్కపోతే గట్ల తీస్కపోండ్రి, సారూ. మేం అంజిలయ్యను మోసుకపోయిన తొవ్వ గదే."

ఎస్సై బురద వైపు చూశాడు. జనం వైపు చూశాడు. ఇంజన్ ఆపమని డ్రైవర్‌కు చెప్పాడు.