ఆవుల సారు అన్న మాట

వార్సిదీ కొలత టేపు భుజాన వేసుకుని, తల తగలకుండా వంగి పాకలోకి వెళ్ళాడు. కొలవడానికి కోడె లేదు. రాతిపలకల నేల ఎవరో కడిగినట్టున్నారు, ఇంకా తడి ఆరలేదు.

ఇంట్లో పెళ్ళేదో కుదిరి అమ్మేసి ఉంటారనుకున్నాడు. ఆ కొండల్లో ఏ ఖర్చు మీదపడినా ముందు గడప దాటేది కోడెదూడే. పాత మోటారుసైకిలు తోసుకుంటూ పక్కింటికి నడిచాడు. అక్కడా పాక ఖాళీయే. ఆ పై ఇంట్లో మేకలు అరుస్తున్నాయి గాని, కోడెను కట్టే చోట వంటచెరకు పేర్చి ఉంది.

గునుంగ్‌కిదుల్ సున్నపురాతి కొండల్లో పశువుల శాఖ ఉద్యోగిగా ముప్పయ్యేళ్ళుగా ఆయన పని ఇదే. ఎండాకాలం చివర ఊరూరూ తిరిగి, రెండేళ్ళు నిండని కోడెలు ఎన్ని ఉన్నాయో, బలిపించి కోతకు పంపడానికి వాటిలో ఎన్ని అమ్మకానికి వస్తాయో అంచనా కట్టాలి. ఛాతీ చుట్టూ టేపు పెట్టి బరువు తేల్చాలి. ఆ అంచనా జిల్లాకు, అక్కణ్ణుంచి జకార్తాకు పోతుంది. పట్నాలు తినబోయే మాంసానికి దేశంలోని కోడెలు సరిపోకపోతే, తక్కువైనవి ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తాయి. ఆ ఓడలు ఎలా ఉంటాయో వార్సిదీ ఎన్నడూ చూడలేదు.

పొట్టి మనిషి. ఎండకు మెడ వెనక చర్మం ముడతలు పడి ఇటుకరంగు తేలింది. ఎప్పుడో ఒక ఎద్దు తన్నిన దెబ్బకు ఎడమ బొటనవేలు వంకరపోయింది. ఊళ్ళలో ఆయన పేరు చాలామందికి తెలియదు. ఆవుల సారు అంటారు. ఆఫీసు మీటింగుల్లో ఆయన వంతు వచ్చేసరికి అందరూ సంచులు సర్దుకుంటుంటారు. ఇంట్లో ఏ సంగతైనా భార్యా బావమరిదీ మాట్లాడుకుని తేల్చేస్తారు. అందుకాయన ఎప్పుడూ నొచ్చుకోలేదు. చెప్పింది ఎవరూ పట్టించుకోకపోతే మనిషికి ఒక రకమైన హాయి కూడా ఉంటుంది.

నాలుగో ఇంటి ముందు ఆ ఇంటి ఇల్లాలు రుబినెం, తరిగిన కర్రపెండలం ముక్కలు ఎండబెడుతోంది.

"మీ కోడె ఏదమ్మా?" అన్నాడు.

"అమ్మేశాం సారూ. ఊరంతా అమ్మేశారుగా."

"ఊరంతానా? ఎందుకూ?"

ఆమె చేతులు దులుపుకుని వింతగా చూసింది. "బాగుంది. చెప్పిందే మీరైతే."

"నేనా?"

"మొన్న సంతలో జుమాదితో అన్నారట కదా. ఈసారి కోడెలు చాలవు, ఓడల నిండా బయటి కోడెలు దిగుతాయని. అవి దిగాక మన బక్కవాటిని ఎవరు చూస్తారని జుమాది లారీ వేసుకొచ్చాడు. వచ్చిన ధరకు తోలేశాం."

వార్సిదీ మోటారుసైకిలు సీటు పట్టుకున్నాడు. కోడెల వ్యాపారి జుమాది సంతలో టీ చేతికిచ్చి, "ఈసారి ఎలా ఉంది సారూ?" అని అడగడం గుర్తొచ్చింది. "చాలకపోవచ్చు, కొన్ని బయటినుంచి రావాలేమో" అన్నాడు తను. అంతే. ఆ తర్వాత టీలో చక్కెర ఎక్కువైందని కూడా అన్నాడు.

"కర్సోరెజో పెద్దయ్య అమ్మలేదు కదా?" అన్నాడు.

రుబినెం ఎదురింటివైపు గడ్డంతో చూపించి, మళ్ళీ ముక్కల మీదికి వంగింది.

కర్సోరెజోకు ఎనభై దాటాయి. ఒక్కడే ఉంటాడు. ఏటా ఆయన పాకలో ఒక ఒంగోలు జాతి తెల్ల కోడె ఉంటుంది. ఏటా వార్సిదీ టేపు తీయకముందే, "కొలుచుకో నాయనా, అమ్మేది మాత్రం కాదు" అంటాడు. ఇవాళ వాకిట్లో వెదురు బల్లమీద, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

"పెద్దయ్యా, మీరూనా?"

"నిన్ననే తోలుకుపోయారు."

"నేనలా అనలేదు పెద్దయ్యా. ఓడలొచ్చినంత మాత్రాన మీ కోడెకు వచ్చిన లోటేమీ లేదు."

ముసలాయన తలెత్తాడు. "జుమాది మాటైతే నమ్మేవాణ్ణి కాదు. నీ మాటన్నాడు. ఇన్నేళ్ళలో నువ్వు ఏదీ వట్టిగా అనలేదు కదా అని నమ్మాను."

వార్సిదీ టేపు భుజం మీంచి తీసి చుట్టసాగాడు. ముప్పయ్యేళ్ళలో తన మాటకు ఒకరు విలువిచ్చారు. ఇచ్చి, ఇలా అయ్యారు.

"వెనక్కి తెస్తాను" అన్నాడు.

"తెస్తే మంచిదే. ఎండ ముదరకముందే పో."

కొండ దిగి జుమాది దొడ్డికి వెళ్ళేసరికి అక్కడ పేడా, లారీ చక్రాల గుర్తులే మిగిలాయి. జుమాది లవంగం సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు.

"తెల్లారకముందే జకార్తా దారి పట్టాయి సారూ. అబద్ధమేమన్నా చెప్పానా? మీ మాటే చెప్పాను."

"నా మాటకు నువ్వు తోక తగిలించావు."

"తోక సంగతి వదిలేయండి. ఇప్పుడు వెళ్ళి లెక్క రాయండి. కొండమీద కోడె లేదు. నిజంగానే ఓడలు దిగుతాయి." జుమాది నవ్వాడు. "నోటివాక్కు ఫలించింది మీకు."

వార్సిదీ కొట్టాలనుకున్నాడు. చెయ్యి లేవలేదు. మనిషిని కొట్టడం ఆయనకు చేతకాదు.

తిరిగి కొండెక్కాడు. ఏమని చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. వచ్చే ఏడు ఆఫీసు తరఫున ఒక దూడ ఇప్పిస్తానందామనుకున్నాడు, అది తన చేతిలో లేని పనే అయినా.

ముసలాయన అదే బల్లమీద, స్తంభానికి తల ఆనించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని వార్సిదీ పక్కన కూర్చున్నాడు. "పెద్దయ్యా, లారీ వెళ్ళిపోయింది" అన్నాడు. కాసేపాగి మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆ చేతిమీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

రుబినెం పరుగెత్తుకొచ్చింది. ఇరుగుపొరుగు చేరారు. చాప వేశారు, మసీదుకు కబురు పంపారు. వార్సిదీ అందరికీ అడ్డంగా, టేపు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

"పొద్దున బాగానే ఉన్నాడే" అంది రుబినెం కళ్ళు తుడుచుకుంటూ. "చీకటితో కొడవలి పట్టుకుని లోయలోకి దిగాడు."

"లోయలోకి దేనికి?" అన్నాడు వార్సిదీ.

ఆమె పాకవైపు చూసింది. వార్సిదీ అటు నడిచి, తల తగలకుండా వంగాడు.

తొట్టినిండా ఆ పొద్దునే కోసిన పచ్చగడ్డి, కోడె నోటికి అందేలా ముందుకు జరిపి ఉంది.