ముందర బండ మీద అంజమ్మ

నడి వేసవిలో ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను, మా ఊరి గుట్ట మీదే. పేరు శేఖర్. హైదరాబాదు నుంచి వచ్చిన ఏదో సాహసక్రీడల కంపెనీకి మేనేజరు. చెమట చెవుల వెంట కారి మెడలోకి దిగుతున్నా టోపీ మాత్రం తియ్యడు. ఎందుకంటే ఆయన వెనక గుట్ట వాలు మీద తెల్లటి ప్లాస్టిక్ చాప పరిచి ఉంది. దాని మీద స్కీయింగట. మంచు ఉండదు, ఉందని మనమే అనుకోవాలి. అలా అనుకోవడానికి సాయంగా ఒక మిషను థర్మకోల్ పూసలు ఊదుతూ ఉంటుంది. ఆ పూసలు పొదల్లో చిక్కి, మేకల మూతులకు అంటుకుని, కింద కుంటలో తెట్టులా తేలుతున్నాయి. పైన పెద్ద ఫ్లెక్సీ, 'పాలమూరు మనాలి' అని.

ఖిల్లా ఘణపూర్ దాటాక వచ్చే చిన్న ఊరు మాది. నేను వనపర్తి దవాఖానలో నర్సును. చీము, నెత్తురు, వాంతులు రోజూ చేతులతో ఎత్తేదాన్ని, నాకు అంత సులభంగా అసహ్యం పుట్టదు. ఆ రోజు పుట్టింది.

నిజానికి అక్కడికి నేను పోదామనుకోలేదు. వారం ముందు శేఖర్ ఫోన్ చేసి, "నిరోష మేడమ్, ఓపెనింగ్ రోజు మీ అమ్మగారు తాటిమట్టలు కోసి చూపించాలి. అక్కడి జారుడుబండని హెరిటేజ్ స్లైడ్ అని పెడుతున్నాం" అన్నాడు. ముసలామెను ఎండలో గుట్టెక్కించే పని లేదని చెప్పి పెట్టేశాను. మా అమ్మ అంజమ్మ పక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "పోదాం" అంది.

"ఎందుకే అమ్మా? వాళ్ల ఫోటోలకా?"

"ముందర బండ మీద ఒక్కపారి కూసుంట. కూసొని జారుత. గంతే."

మా గుట్టకు జారుడుబండలు రెండు. ముందర బండ అద్దంలా నున్నన, కిందికి చేరేసరికి మెత్తటి ఇసుక. వెనక బండ గరుకు, కింద తుమ్మముళ్లు. శ్రావణంలో వానలు పడి గుట్ట పచ్చబడ్డాక, భూములున్న ఇళ్లవాళ్లు గిన్నెలూ గంపలూ పట్టుకుని వంటలకు గుట్టెక్కేవాళ్లు. వాళ్ల పిల్లలు తాటిమట్ట మీద కూర్చుని ముందర బండ మీద జారేవాళ్లు. ఆ మట్టలు కోసేది ఊరి బయట వాడలో ఉండే మావాళ్ల పిల్లలు. మట్ట అంచులకు రంపంలా పళ్లుంటాయి. వాటిని కొడవలితో చెక్కి, ఎవరి తొడకూ గీరుకోకుండా చేసి ఇవ్వాలి. వాళ్లు కిందికి జారితే ఆ మట్టను మళ్లీ పైకి మోసుకురావాలి. కూలి కింద అడుగున మిగిలిన పులిహోర. మావాళ్లకు జారాలనిపిస్తే వెనక బండ ఉంది, పోయి గీరుకోవచ్చు. ముందర బండ మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు.

తర్వాత టీవీలొచ్చి వాళ్ల పిల్లలు గుట్ట మరిచారు. మావాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బొంబాయికి, పూనాకు మట్టి పనికి వలసపోయారు. కొన్నాళ్లు గుట్ట మీద మేకలు తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత బీరు సీసాల కాలం నడిచింది, గుట్టెక్కితే కాలు తెగేది. ఆ తర్వాత రీల్సు కాలం. ఇప్పుడు టికెట్ల కాలం. మా గుట్ట వినోద చరిత్ర ఇంతే, ఎవరైనా బోర్డు మీద రాయించుకుంటామంటే ఊరికే ఇచ్చేస్తాను.

"గుట్ట ఖాళీగున్నప్పుడు పోయి జారొచ్చు గద అమ్మా, ఇప్పుడే ఎందుకు?" అని అడిగాను.

"ఎవ్వలు లేనప్పుడు జారుడేంది, దొంగలెక్క? అందరు సూస్తుండంగ జారాలె."

శేఖర్‌కు వస్తామని చెప్పి, ఆ రోజుకు సెలవు పెట్టాను.

అమ్మ పండక్కి కట్టే గద్వాల చీర కట్టుకుని వచ్చింది. శేఖర్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, పాత చీర ఏమైనా ఉందా? కొంచెం చిరిగినా పర్లేదు. ఫోటోల్లో పల్లెటూరి ఫీల్ రావాలి కదా" అన్నాడు. ఆ టోపీ లాగి వాడి నోట్లోనే కుక్కాలనిపించింది. అమ్మకు వినిపించనే వినిపించింది. "గిదే ఉన్నది సారూ, కొత్తది" అని కొడవలి తీసుకుని మట్టల ముందు కూర్చుంది. నల్లకళ్లద్దాల ఆడవాళ్లు ఇద్దరు వచ్చి ఆమె భుజాల మీద చేతులేసి సెల్ఫీలు దిగారు. ఒకామె దిగాక చేతికి శానిటైజర్ రాసుకుంది.

అంతలో మైకు వెంకటన్న చేతికి వెళ్లింది. ఊళ్లో సగం పొలం ఆయన ఇంటిదే. కంపెనీవాళ్లకు దారి కోసం జాగా ఇచ్చింది కూడా ఆయనే. అమ్మకంటే ఏడాదో రెండేళ్లో పెద్ద. మల్లెపువ్వులాంటి బట్టలు వేసుకుని, గొంతు తడుపుకుని మొదలుపెట్టాడు.

"మా సిన్నప్పుడు ఊరంత ఒక్క ఇల్లులెక్క ఉంటుండె. పెద్దోడు లేదు, సిన్నోడు లేదు, కులం లేదు గిలం లేదు. అందరం గీ బండ మీదనే జారినం. గీ అంజమ్మ ఉన్నది సూడుండ్రి, మా ఇంటి మనిషే. మాతోనే జారింది, మాతోనే తిన్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. నా నోట్లో ఉమ్మి ఊరింది. మింగబుద్ధి కాలేదు. ఎంత నున్నగా చెప్పాడో ఆ అబద్ధం! బహుశా చెప్పీ చెప్పీ ఆయనకే నిజమైపోయి ఉంటుంది, అదింకా రోత.

"పచ్చి అబద్ధాలు. నేను పోయి అడుగుత" అని లేచాను.

అమ్మ నా కొంగు పట్టి లాగింది. "అననియ్యి బిడ్డా. అందరం జారినమన్నడు గద. ఇగ నన్నెట్ల ఆపుతడు?"

చెక్కిన మట్టల్లో బాగున్నదాన్ని ఒకటి చంకన పెట్టుకుని లేచింది. శేఖర్ అడ్డం వచ్చాడు. "అమ్మా, మీరు కోసి ఇస్తే చాలు. స్లైడ్ గెస్టులకి. ఏజ్ లిమిట్ ఉంది" అన్నాడు. అమ్మ వెంకటన్నను చేత్తో చూపించి, "అయ్యనే చెప్పిండు గద సారూ, నేను ఎప్పటికెల్లో జారుతున్ననట" అంది. శేఖర్ టోపీ సర్దుకుంటున్నాడు. ఆ సందులో అమ్మ ముందర బండ మీదికి నడిచి, మట్ట వేసి, చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య దోపుకుని కూర్చుంది. చేతులతో బండను ఒక్క తోపు తోసింది.

మట్ట కదిలింది.

"ఏయ్ అంజీ! దిగు! దిగవే బండ మీదికెల్లి!"

వెంకటన్న గొంతు. మైకు ఇంకా ఆయన నోటి దగ్గరే ఉంది. ఆ కేక నాలుగు స్పీకర్లలోంచి దూకి, గుట్టకు కొట్టుకుని మళ్లీ వచ్చింది. ఆయన అనుకుని అనలేదు. ఆవులింతలా, ఎక్కిళ్లలా దానంతటదే బయటికి వచ్చింది. వచ్చాక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అంటే... పడ్తదేమోనని... పానం మీదికొస్తదని..." అని నసిగాడు. అదీ మైకులోనే.

అతిథులు మాత్రం ఇదంతా ప్రోగ్రాంలో భాగమనుకున్నారు. "సూపర్!" అని ఈలలు వేశారు. ఫోన్లు పైకి లేచాయి. ఛీ, ఎంత చదువుకుని ఏం లాభం.

నేను అమ్మను చూశాను. మట్ట మీద జారేటప్పుడు కాళ్లు గాల్లో ఉండాలి, మడమ బండకు తగిలిందా మట్ట ఆగిపోతుంది. కేక చెవిన పడగానే అమ్మ కాళ్లు రెండూ బండను తన్నిపట్టాయి. సగం వాలులో ఆగిపోయింది. భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. తల వంగింది. అన్నేళ్లు పూనాలో మట్టి తట్టలు మోసి, మేస్త్రీల మీద అరిచి కూలి తెచ్చుకుని, నన్ను చదివించిన మనిషి ఆ ఒక్క కేకకు చిన్నపిల్లలా ఆగింది. అది చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది.

శేఖర్ హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లకు సైగ చేశాడు. వాళ్లు తాడు పట్టుకుని అమ్మను పైకి తేవడానికి బండ మీదికి దిగుతున్నారు.

నేను అంచుదాకా ఉరికాను. "అమ్మా! కాళ్లు ఎత్తు! కాళ్లు పైకెత్తే!"

అమ్మ మెడ తిప్పింది. నన్ను చూడలేదు. పైన మైకు పట్టుకుని నిలబడ్డ వెంకటన్నను చూసింది. కుర్రాళ్ల తాడు ఆమె దాకా వచ్చింది, ఒకడు "అవ్వా, చెయ్యియ్యి" అన్నాడు. ఆమె వాడికి చెయ్యి ఇవ్వలేదు. మట్ట అంచులను రెండు చేతులా బిగించి పట్టుకుంది. అట్లా ఆయన కళ్లలోకి చూస్తూనే, రెండు కాళ్లూ పైకెత్తింది.