కాస్త వదులుగా కొన్న ట్యాబ్

వీధి మలుపులో కొట్టు పెట్టుకున్న టైలరు గారికి కొలత తీయకుండా కత్తెర పట్టమంటే ఒళ్లు మండుతుంది. "మా అన్నయ్యదీ నాదీ ఒకే ఒళ్లండీ, నా కొలతలకే కుట్టెయ్యండి" అని ఎవరైనా అంటే, "అయితే తొడుక్కునేది కూడా మీరేనా?" అని అడుగుతారు. అంతటి మనిషి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, తప్పులేదు. నవ్వుతూనే ఓసారి మీ ఇంట్లోకి కూడా తొంగి చూసుకోండి.

ఆయన భార్య కొట్లోనే రెండో మిషను మీద పని చేస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి. దగ్గర్లోని కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు ఉద్యోగం ఖాళీ కాబోతోందని తెలిసి వెళ్లి అడిగింది. అక్కడి పెద్దావిడ ఆమె కుట్టిన కాలరు తిప్పి తిప్పి చూసి, "పదో తరగతి పాసై రామ్మా, ఆ కుర్చీ నీకోసం ఉంచుతాను" అంది. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయిన ఆమెకు ఆ మాటతో నిద్ర పట్టలేదు. ఆన్‌లైన్ పాఠాలకు పేరిచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఎప్పుడూ ఎవరి ప్యాంటు అయిందో లేదో చెప్పడంలోనే ఉంటుంది. అందుకని మొగుడితో, "ఏమండీ, ఒక చిన్న ట్యాబ్ కొనిపెట్టండి. మిషను పక్కన పెట్టుకుని వింటూ పని చేసుకుంటాను" అంది.

అందులో "చిన్న" అన్న మాట ఆయన చెవిన పడలేదు.

ఆయన ఒక్కరే దుకాణానికి వెళ్లారు. అమ్మే అమ్మాయి ఎనిమిది అంగుళాల ట్యాబ్ చూపించింది. టైలరు గారు మెడలోంచి టేపు తీసి అడ్డంగా పెట్టారు, నిలువుగా పెట్టారు.

"ఏదమ్మా ఎనిమిది? ఎటు పట్టినా రావడం లేదే."

"ఈ మూల నుంచి ఆ మూలకి కొలుస్తారండీ."

"మూల నుంచి మూలకా? నేనలా కొలిచి చొక్కా కుడితే జనం నన్ను తంతారు."

"ఇంతకీ ఎవరికండీ? ఎక్కడ పెట్టుకుని చూస్తారు?"

"మా ఆవిడ చదువుకి. చదువంటే పెరిగేదే కదా. పెరిగే పిల్లలకి కుట్టినట్టు కాస్త వదులుగా ఉండాలి. మీ దగ్గర ఉన్నవాటిలో పెద్దది తియ్యండి."

"ఆవిణ్ణి కూడా ఓ మాట అడిగితే..."

"ఆవిడకి వీటి సంగతి ఏం తెలుసమ్మా!"

ఆ అమ్మాయి బిల్లు రాసింది. నచ్చకపోతే నెలలోగా మార్చుకోవచ్చని మాత్రం చెప్పి, పదమూడు అంగుళాలది సంచిలో పెట్టి ఇచ్చింది.

దాన్ని మిషను బల్ల మీద పెడితే గుడ్డకి చోటు లేదు. గోడకి ఆనిస్తే, తొక్కుతున్నప్పుడల్లా జారి ఒళ్లో పడుతుంది. పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, ఇక సూది ఎవరు పట్టుకుంటారు? చివరికి కట్టింగు బల్ల మీదికి చేరింది. అక్కడ అత్తగారి కంట పడింది. "అబ్బ, ఇందులో మనుషులు ఎంత నిండుగా ఉన్నారే" అని ఆవిడ సీరియల్ పెట్టుకుంది. టైలరు గారు కస్టమర్లకి కాలరు మోడళ్లు చూపించడం మొదలుపెట్టారు. ట్యాబ్ కోడలిదేనని అందరూ ఒప్పుకుంటారు. దాని ముందు కోడలు తప్ప అందరూ కూర్చుంటారు. "పోనీలెండి" అని ఆమె సర్దుకుపోయింది. మన ఇళ్లలో ఆ మాట ఎన్ని చదువుల్ని మింగిందో లెక్క తీసినవాళ్లు లేరు.

ఒక సాయంత్రం ప్రత్యక్ష పాఠం జరుగుతోంది. లెక్కల టీచరు ఆమె పేరు పిలిచి, "ఎక్స్ విలువ ఎంతమ్మా?" అని అడిగింది. తెర ముందు నిండుగా అత్తగారు. ఆమె పక్కన ఒక చెయ్యే కుట్టిన కోటుతో, ఒళ్లంతా గుండుసూదులతో ఒక కస్టమరు. వెనక టేపుతో టైలరు గారు. అందరి వెనకా, మునివేళ్ల మీద నిలబడి మెడ చాస్తున్న కోడలు.

"వాడి విలువ ఆ పిల్లకి పెళ్లయ్యాక గానీ తెలియదమ్మా" అంది అత్తగారు, సీరియల్లో కుర్రాడి గురించి అడిగారనుకుని.

టీచరు నవ్వు ఆపుకుంది. "తెర మీద నలుగురున్నారు. పరీక్ష ఎవరు రాస్తారు?"

కస్టమరు సూదులు గుచ్చుకుంటున్నా పక్కకి తప్పుకున్నాడు.

మర్నాడు నమూనా పరీక్షలో ఆమె తప్పింది. టైలరు గారు ఓదార్చబోయారు. "అంత పెద్దది కొనిపెట్టాను, ఇంకేం చెయ్యమంటావు?"

ఆమె ఆయన మెడలోంచి టేపు లాగింది. మిషను బల్ల మీద పరిచింది. "నాకు మిగిలే చోటు ఇంత." తన అరచేతి మీద పెట్టింది. "నేను పట్టుకోగలిగింది ఇంత. మీరు వదులుగా కొన్నారు, ఆ వదులులోకి ఇల్లంతా దూరింది. నాకే చోటు లేదు. పెరిగే పిల్లాడికైనా ముందు వాడి ఒళ్లు చూసి కదా కుడతారు? నన్నెవరు చూశారండీ?"

టైలరు గారు ఆ అరచేతి వంక చూశారు. ఊళ్లోవాళ్ల భుజాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. పక్కనే కూర్చునే మనిషి అరచెయ్యి ఎంతో ఆ రోజు దాకా తెలియదు. సిగ్గేసింది.

మార్చుకునే గడువు ఇంకా మిగిలే ఉంది. ఈసారి ఇద్దరూ వెళ్లారు. ఆయన మెడలోంచి టేపు తియ్యలేదు. ఆమె ఒక్కొక్కటీ చేతిలో పట్టుకుని చూసి, ఎనిమిది అంగుళాలది తీసుకుంది. అత్తగారు ఓసారి తొంగి చూసి, "ఇందులో మనుషులు చీమల్లా ఉన్నారు" అని పెదవి విరిచి వెళ్లిపోయింది. కోడలికి కావలసింది అదే. టైలరు గారు దానికో సంచి కుట్టి, మిషను పక్కన ఆమె కంటికి సరిపడా ఎత్తులో వేలాడదీశారు. మూడుసార్లు కొలిచాకే కత్తెర వేశారు.

ఆమె పాసైంది. ఇప్పుడు శిక్షణ కేంద్రంలో ఆ కుర్చీ ఆమెదే.

మొన్న ఒకాయన చొక్కా కొలతలిస్తూ, "మా అమ్మాయికి ట్యాబ్ కొందామనుకుంటున్నానండీ. ఎంత సైజు బాగుంటుందంటారు?" అని అడిగాడు.

టైలరు గారు నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టారు. "అమ్మాయిని అడిగారా?"

"దానికేం తెలుసండీ?"

"ఆ మాట నేనూ అన్నానండీ" అన్నారు టైలరు గారు, భార్య ఖాళీ మిషను వంక చూస్తూ. "ఎవరికి కొంటున్నారో ముందు ఆ మనిషిని అడగండి. అడక్కుండా కొన్నది ఎంత పెద్దదైనా వాళ్లకి పట్టదు."